విమాన టర్బైన్ ఇంజన్ల ఇంధన, నియంత్రణ వ్యవస్థలు

రెక్కల్లోని ట్యాంకుల నుంచి కిరోసిన్‌ను తెచ్చి, వడగట్టి, వెచ్చబరచి, ఒత్తిడి పెంచి, కొలిచి, మంట దగ్గర సన్నని తుంపరగా చల్లే సామగ్రినంతా కలిపి విమాన టర్బైన్ ఇంజన్ ఇంధన వ్యవస్థ అంటారు. ఏ క్షణాన ఎంత చల్లాలో తేల్చేది నియంత్రణ వ్యవస్థ. జెట్ విమానానికైనా, ప్రొపెల్లర్ తిప్పే టర్బోప్రాప్‌కైనా, హెలికాప్టర్‌కైనా ఈ రెండూ విడదీయరానివి. కాక్‌పిట్‌లోని లీవరును ముందుకు తోస్తే ఇంజన్‌కు ఒక కోరిక మాత్రమే అందుతుంది. అందులో ఇప్పుడే ఎంత తీర్చవచ్చు, ఎంత ఆపి ఉంచాలి అన్న లెక్క వేరేచోట జరుగుతుంది. ఆ లెక్క పైలట్ చేతి నుంచి ఇనుప కామ్‌లకూ, కామ్‌ల నుంచి కంప్యూటరుకూ మారిన కథే ఈ వ్యవస్థ చరిత్ర.

ఎన్టీఆర్ జిల్లా గంపలగూడెం మండలంలోని నెమలి వాసులకు దగ్గరి విమానాశ్రయం గన్నవరం. అక్కడ ప్రయాణికులకు ఎదురయ్యే విమానాల్లో ఏటీఆర్ 72 టర్బోప్రాప్‌లూ, ఎయిర్‌బస్ ఏ320 కుటుంబపు జెట్లూ ముఖ్యమైనవి. ఈ వ్యాసంలో చెప్పుకొనే సూత్రాలన్నిటికీ ఈ రెండు రకాల్లోనే ఉదాహరణలు దొరుకుతాయి.

ఇంధనం

వాణిజ్య విమానాల్లో వాడేది కిరోసిన్ జాతి ఇంధనం. మన దేశంలో దాన్ని ఏటీఎఫ్ అంటారు, అంతర్జాతీయంగా జెట్ ఏ-1 అంటారు. విశాఖపట్నంలో కాల్టెక్స్ 1957లో నెలకొల్పిన రిఫైనరీ ఇప్పుడు హిందుస్థాన్ పెట్రోలియం చేతిలో ఉంది. ఏటీఎఫ్ దాని ఉత్పత్తుల్లో ఒకటి. ప్రమాణాల ప్రకారం ఇది మైనస్ 47 డిగ్రీల సెల్సియస్ దాకా గడ్డకట్టకూడదు. 38 డిగ్రీల లోపు దీని ఆవిరి నిప్పంటుకోకూడదు. 15 డిగ్రీల దగ్గర లీటరు బరువు 775 నుంచి 840 గ్రాముల మధ్య ఉండాలి. కిలో మండితే సుమారు 43 మెగాజౌళ్ల వేడి వస్తుంది.

ఈ వేడి బరువును బట్టి వస్తుంది, లీటర్లను బట్టి కాదు. మే నెల ఎండలో నింపిన లీటరు, జనవరి తెల్లవారుజామున నింపిన లీటరుకన్నా తేలిక. అందుకే నేల మీద లీటర్లలో, కిలోలీటర్లలో బేరమాడినా కాక్‌పిట్‌లో లెక్కంతా కిలోల్లోనో, టన్నుల్లోనో ఉంటుంది. మండటం ఒక్కటే దీని పని కూడా కాదు. ఇంజన్ ఆయిల్‌ను చల్లబరచేదీ, పంపుల పళ్లకు కందెనగా పనిచేసేదీ, కంప్రెసర్‌లోని కదిలే రెక్కలను ఒత్తిడితో తిప్పేదీ ఈ కిరోసినే.

ట్యాంకు నుంచి మంట దాకా

ట్యాంకు అడుగున ఉండే విద్యుత్ బూస్టర్ పంపులు ఇంధనాన్ని ఇంజన్ వైపు నెడతాయి. దారిలో, సాధారణంగా రెక్క దూలం దగ్గర, ఒక షటాఫ్ వాల్వు ఉంటుంది. ఇంజన్‌లో నిప్పు పుడితే దాన్ని మూస్తారు. ఇంజన్‌కు చేరాక పని అక్కడి పంపులది. వీటిని ఇంజన్ షాఫ్టే గేర్‌బాక్స్ ద్వారా తిప్పుతుంది. మొదట సెంట్రిఫ్యూగల్ దశ కొంత ఒత్తిడి పెంచుతుంది. తరువాత వచ్చే గేరు పంపు దాన్ని వాతావరణ పీడనానికి ఎన్నో రెట్లకు తీసుకుపోతుంది.

గేరు పంపు ఒక చుట్టుకు ఇంత అని పోస్తుంది. ఇంజన్ ఎంత తిరిగితే అంత వస్తుంది, అవసరం ఎంతో దానికి పట్టదు. స్టార్ట్ చేసేటప్పుడు చుట్లు తక్కువ, అయినా ఇంధనం చాలాలి కాబట్టి పంపును ఆ ఘడియకు సరిపడేలా పెద్దదిగా కడతారు. పదకొండు కిలోమీటర్ల ఎత్తున గాలి పలచన, మంటకు కావలసిన ఇంధనం తక్కువ. అయినా ఇంజన్ వేగంగా తిరుగుతూనే ఉంటుంది. అప్పుడు పంపు పోసినదానిలో చాలా భాగం మిగిలి, పక్క దారిన మళ్లీ పంపు ముందుకే తిరిగివస్తుంది. అలా తిరుగుతూ వేడెక్కుతుంది కూడా. ఇంధనపు వేడిని అదుపులో ఉంచడం ఆధునిక ఇంజన్ల రూపకర్తలకు పెద్ద తలనొప్పి.

పంపు రెండు దశల మధ్య ఆయిల్‌తో వేడి ఇచ్చిపుచ్చుకొనే హీట్ ఎక్స్‌ఛేంజర్, ఫిల్టరు ఉంటాయి. వేడి ఆయిల్ చల్లబడుతుంది, చల్లటి ఇంధనం వెచ్చబడుతుంది. కిరోసిన్‌లో కరిగిన కొద్దిపాటి నీరు ఎత్తున మంచు రవ్వలుగా మారుతుంది. ఈ ఏర్పాటు ఆ రవ్వలను కూడా కరిగించాలి. 2008 జనవరి 17న లండన్ హీత్రో రన్‌వేకు కొద్ది దూరంలో బ్రిటిష్ ఎయిర్‌వేస్ బోయింగ్ 777 ఇంజన్లు రెండూ అడిగిన శక్తి ఇవ్వలేకపోయాయి. బీజింగ్ నుంచి వస్తున్న ఆ విమానపు ఇంధన గొట్టాల్లో పేరుకున్న మంచు, దిగే వేళ ప్రవాహం పెరగగానే ఊడి హీట్ ఎక్స్‌ఛేంజర్ ముఖాన్ని కప్పేసింది. ముందుకు పొడుచుకొచ్చిన సన్నని గొట్టాల మధ్య ఆ మంచు ఇరుక్కుపోయింది. వాల్వులు పూర్తిగా తెరుచుకున్నాయి, కంప్యూటర్లు సరైన ఆదేశమే ఇచ్చాయి, ఇంధనం మాత్రం రాలేదు. విమానం రన్‌వేకు ముందున్న గడ్డిలో దిగింది, ఎవరూ చనిపోలేదు. ఆ తరువాత ఆ ముఖాన్ని చదునుగా మార్చారు.

కొలత

వ్యవస్థకు గుండెకాయ మీటరింగ్ వాల్వు. ఒక రంధ్రం గుండా పోయే ద్రవం ఆ రంధ్రపు వైశాల్యం మీదా, దాని రెండు వైపులా ఉన్న ఒత్తిడి తేడా మీదా ఆధారపడుతుంది. ఒత్తిడి తేడాను ఎప్పుడూ ఒకేలా నిలిపితే ఇక వైశాల్యమే ప్రవాహం. అందుకే మీటరింగ్ వాల్వు పక్కనే మరో వాల్వు కాపలా ఉంటుంది. తేడా పెరిగితే అదనపు ఇంధనాన్ని వెనక్కి మళ్లిస్తుంది, తగ్గితే ఆ దారిని మూస్తుంది. సూత్రం ఇంత సాదాది కాబట్టే ఎనభై ఏళ్లుగా మారలేదు. మారిందల్లా రంధ్రాన్ని తెరిచే చెయ్యి.

మీటరింగ్ వాల్వు దాటాక కనీస ఒత్తిడి అందితేనే తెరుచుకొనే వాల్వు ఒకటి ఉంటుంది. ఒత్తిడి చాలకుండా ఇంధనం ముందుకు పోతే నాజిళ్లలో తుంపర కాకుండా ధారగా కారుతుంది. ఇంజన్‌ను ఆపేటప్పుడు మూసుకొనేది కూడా ఇదే. ఆ తరువాత ప్రవాహాన్ని బరువులో కొలిచే మీటరు, దహన గది చుట్టూ గొట్టాలు, చివరకు నాజిళ్లు. సీఎఫ్‌ఎం56 ఇంజన్‌లో ఇవి ఇరవై. దాని తరువాతి తరమైన లీప్ ఇంజన్‌లో నాజిల్ కొసను త్రీడీ ప్రింటింగ్‌తో చేస్తారు. ఒకప్పుడు ఇరవై ముక్కలు అతికించి చేసినదిప్పుడు ఒకే ముక్క.

ఎందుకు కాదనాలి

అడిగినంత ఇంధనం అడగ్గానే పోస్తే టర్బైన్ ఇంజన్ తట్టుకోదు. మొదటి కారణం వేడి. ఒక వంతు కిరోసిన్ పూర్తిగా మండటానికి బరువులో సుమారు పదిహేను వంతుల గాలి చాలు. ఆ నిష్పత్తిలో మండితే మంట 2000 డిగ్రీల దరిదాపులకు పోతుంది, ఏ లోహపు టర్బైన్ బ్లేడూ అక్కడ నిలవదు. కాబట్టి మంట మొదలయ్యే చోట మాత్రమే ఆ నిష్పత్తి ఉంచి, మిగిలిన గాలిని తరువాత కలిపి చల్లబరుస్తారు. మొత్తం మీద గాలి ఇంధనానికి 45 నుంచి 130 రెట్లు ఉంటుంది. బ్లేడు లోహం ఎంత మేలైనదైతే ఈ పరిమితిని అంత పైకి జరపవచ్చు. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల డీఎంఆర్ఎల్ ఏకస్ఫటిక బ్లేడ్ల మీద ఏళ్ల తరబడి పనిచేయడానికి కారణమిదే. అక్కడ తయారైన 60 బ్లేడ్లను హెలికాప్టర్ ఇంజన్ కోసం హిందుస్థాన్ ఏరోనాటిక్స్‌కు అందజేసినట్టు 2021 ఏప్రిల్‌లో డీఆర్‌డీవో ప్రకటించింది.

రెండో కారణం సర్జ్. కంప్రెసర్ గాలిని తక్కువ ఒత్తిడి నుంచి ఎక్కువ ఒత్తిడికి నెడుతూ ఉంటుంది. దహన గదిలో హఠాత్తుగా ఇంధనం పెంచితే అక్కడి ఒత్తిడి ఎగుస్తుంది, కంప్రెసర్ వేగం మాత్రం అంత త్వరగా పెరగదు. బ్లేడ్ల మీద గాలి పట్టు తప్పి, ప్రవాహం వెనక్కి తన్నుకొస్తుంది. ఫిరంగి పేలినంత చప్పుడు, ఒక్కోసారి ఇంజన్ ముందు నుంచి మంట. దీన్ని తప్పించడానికి ఇంధనాన్ని కంప్రెసర్ చివరి ఒత్తిడికి ఒక నిష్పత్తిలో కట్టేస్తారు. గాలి ఒత్తిడి పెరిగే కొద్దీ ఇంధనం పెరుగుతుంది, అంతకు మించి ఇవ్వరు. కంప్రెసర్ ముందు దశల్లోని రెక్కల వాలును మార్చడం, మధ్యలో కొంత గాలిని బయటికి వదలడం కూడా ఈ రక్షణలో భాగమే.

మూడోది దీనికి ఎదురు దిక్కు. లీవరును చటుక్కున వెనక్కి లాగితే ఇంధనం అదే వేగంతో పడిపోకూడదు. తిరుగుతున్న కంప్రెసర్ ఇంకా బోలెడు గాలి పంపుతుంటుంది. ఇంధనం మరీ తగ్గితే మంట ఆరిపోతుంది.

ఈ ఆంక్షల వల్ల ఇంజన్ బలం పుంజుకోవడానికి సమయం పడుతుంది. ఆకాశంలో కనిష్ఠ శక్తి నుంచి టేకాఫ్ శక్తిలో 95 శాతానికి ఐదు సెకన్లలోపు చేరాలని అమెరికా నిబంధన. ఐదు సెకన్లు తక్కువేనా అంటే నేలకు ఎంత దగ్గరగా ఉన్నామన్న దాన్ని బట్టి ఉంటుంది. 1988 జూన్ 26న ఫ్రాన్స్‌లోని హాబ్‌షైమ్‌లో ప్రదర్శన కోసం అతి తక్కువ ఎత్తున, ఇంజన్లను కనిష్ఠ శక్తిలో ఉంచి ఎగిరిన కొత్త ఏ320 చెట్లలో కూలింది, ముగ్గురు చనిపోయారు. ఇంజన్లు నిబంధన ప్రకారమే స్పందించాయని దర్యాప్తు తేల్చింది. అడగడమే ఆలస్యమైంది.

చేతి నుంచి కామ్‌లకు

ఫ్రాంక్ విటిల్ తొలి జెట్ ఇంజన్ 1937 ఏప్రిల్ 12న ఇంగ్లండ్‌లోని రగ్బీలో తిరిగింది. తిరగడమే కాదు, ఆగనంది. ఆయన ఇంధన వాల్వు మూసేసినా వేగం పెరుగుతూ పోయింది, చుట్టూ ఉన్నవాళ్లు పరుగందుకున్నారు. అంతకుముందు కారిన ఇంధనం దహన గది అడుగున మడుగు కట్టి, అది మండుతోందని తరువాత తెలిసింది. ఇప్పటి ఇంజన్లలో ఆపగానే మిగిలిన ఇంధనాన్ని బయటికో, వెనక్కో పంపే డ్రెయిన్ ఏర్పాటు తప్పనిసరి. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ మెసర్‌ష్మిట్ 262 నడిపిన పైలట్లు లీవరును అంగుళం అంగుళం జరిపేవారు. తొందరపడితే టర్బైన్ మాడేది, లేదా మంట ఆరేది. అప్పటికి ఆంక్షల లెక్క ఇంకా మనిషి చేతిలోనే ఉంది.

దాన్ని యంత్రానికి అప్పగించడంలో మొదటి మెట్టు గవర్నరు. తిరువూరు వైపు మెట్ట పొలాల్లో కరెంటు మోటార్లకు ముందు బావుల మీద ఆయిల్ ఇంజన్ నడిపిన పాత తరం రైతులకు ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు. తిరిగే చిన్న బరువులు వేగం పెరిగితే బయటికి విచ్చుకుని, స్ప్రింగును నొక్కి, డీజిల్ తగ్గిస్తాయి. వేగం తగ్గితే ముడుచుకుని డీజిల్ పెంచుతాయి. జెట్ ఇంజన్ గవర్నరులోనూ ఇవే బరువులు, ఇదే స్ప్రింగు. తేడా ఏమిటంటే ఇక్కడ వేగం ఒక్కటే తెలిస్తే చాలదు. లోపలికి వచ్చే గాలి ఒత్తిడి, వేడి, కంప్రెసర్ చివరి ఒత్తిడి అన్నీ లెక్కలోకి రావాలి. ఒత్తిడికి ఉబ్బే బెల్లోస్, వేడికి కదిలే కొలత సాధనాలు, వాటి మాటను ఇంధనంగా మార్చడానికి ఎత్తుపల్లాలు చెక్కిన త్రిమితీయ కామ్‌లు వచ్చాయి. ఆ కామ్ ఉపరితలం ఇంజన్ ప్రవర్తనను లోహంలో రాసిన పట్టిక. హామిల్టన్ స్టాండర్డ్, బెండిక్స్, వుడ్‌వర్డ్, బ్రిటన్‌లో లూకాస్ వంటి కంపెనీలు వీటిలో ఆరితేరాయి.

ఇండియన్ ఎయిర్‌లైన్స్ 1957లో వైకౌంట్ విమానాలు ప్రవేశపెట్టినప్పుడు మన దేశీయ మార్గాల్లో టర్బైన్ ప్రయాణికుల రవాణా మొదలైంది. వాటి రోల్స్‌రాయిస్ డార్ట్ ఇంజన్లే తరువాత కాన్పూర్‌లో తయారైన ఆవ్రో విమానాలకూ వచ్చాయి. డార్ట్‌లో ఒకే లీవరు ఇంధనాన్నీ, ప్రొపెల్లర్ వేగాన్నీ కలిపి నడిపేది. అయితే బయటి ఎండ తీవ్రతను బట్టి ఇంధనాన్ని ట్రిమ్మర్ స్విచ్‌తో సవరించడం పైలట్ పనిగా మిగిలిపోయింది. ఆ తరువాత వచ్చిన బోయింగ్ 737-200లోనూ పూర్తి విశ్రాంతి లేదు. పట్టిక చూసి ఒత్తిడి నిష్పత్తి లెక్కగట్టి, గేజీ మీద ముల్లు అక్కడికి వచ్చేలా లీవరు అమర్చాలి. పైకి ఎక్కేకొద్దీ మళ్లీ సవరించాలి. హైడ్రోమెకానికల్ కంట్రోలు ఇంజన్‌ను కాపాడేది, పైలట్‌కు లెక్క మాత్రం తప్పించలేదు.

కామ్‌ల నుంచి కంప్యూటరుకు

కాంకర్డ్ విమానపు ఇంజన్ల నియంత్రణ అనలాగ్ ఎలక్ట్రానిక్స్‌తో నడిచింది. 1980ల మొదట్లో హైడ్రోమెకానికల్ కంట్రోలు మీద అజమాయిషీ చేసే ఎలక్ట్రానిక్ పెట్టెలు వచ్చాయి. 1984లో బోయింగ్ 757 మీద సేవలోకి వచ్చిన ప్రాట్ అండ్ విట్నీ పీడబ్ల్యూ2037, యాంత్రిక ప్రత్యామ్నాయం లేకుండా మొత్తం అధికారాన్ని డిజిటల్ కంప్యూటరుకు అప్పగించిన తొలి పౌర విమాన ఇంజన్. ఈ పద్ధతికి ఫాడెక్ అని పేరు. 1989లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ తెచ్చిన ఏ320ల వీ2500 ఇంజన్లతో అది మన దేశీయ మార్గాల్లోకీ వచ్చింది.

ఫాడెక్ పెట్టెను సాధారణంగా ఇంజన్ ఫ్యాన్ కేసు మీద బిగిస్తారు. లోపల ఒకదానికొకటి బదులుగా పనిచేయగల రెండు చానళ్లు. ప్రతి చానలుకూ వేరే సెన్సర్లు, వేరే వైరింగు, వేరే కరెంటు. ఇంజన్ కాస్త వేగం అందుకోగానే తనతో తిరిగే చిన్న ఆల్టర్నేటరు ఫాడెక్‌కు సొంత విద్యుత్తు ఇస్తుంది. విమానంలో కరెంటు మొత్తం పోయినా ఇంజన్ నియంత్రణ ఆగకూడదన్నది ఉద్దేశం. లీవరు స్థానం, షాఫ్టుల వేగాలు, ఎగ్జాస్ట్ వేడి, గాలి ఒత్తిళ్లు సెకనుకు ఎన్నోసార్లు చదివి, టార్క్ మోటారుకు కొన్ని మిల్లీయాంపుల కరెంటు పంపుతుంది. ఆ మోటారు ఇంధనపు ఒత్తిడినే వాడుకుని మీటరింగ్ వాల్వును కదిలిస్తుంది. వాల్వు ఎంత కదిలిందో సెన్సరు తిరిగి చెబుతుంది.

లోపలి తర్కం ఒక రకమైన వేలం, కాకపోతే తక్కువ పాడినవాడు గెలుస్తాడు. లీవరు కోరిన వేగానికి ఇంత ఇంధనం కావాలని ఒక లెక్క. సర్జ్ రాకుండా ఇంతకు మించకూడదని ఒకటి. షాఫ్టు వేగపు హద్దుకు ఇంతేనని ఇంకొకటి. దహన గది కవచం తట్టుకొనే ఒత్తిడికి ఇంతని మరొకటి. వీటన్నిటిలో చిన్న అంకె వాల్వుకు పోతుంది, మంట నిలవడానికి కావలసిన కనీసానికి మాత్రం తగ్గదు. పైలట్ కోరిక ఈ వరుసలో ఒకటి, అంతే.

అన్ని హద్దులనూ ఫాడెక్ కాస్తుందనుకోవడం మాత్రం పొరపాటు. బోయింగ్ 737-800 ఇంజన్లలో షాఫ్టు వేగాల హద్దు దాటనివ్వదు, కానీ ఎగురుతున్నప్పుడు ఎగ్జాస్ట్ వేడి ఎర్రగీత దాటితే గమనించి లీవరు తగ్గించాల్సింది పైలటే. ఎత్తున ఉన్నప్పుడు కాస్త వేడి మించడం కన్నా శక్తి హఠాత్తుగా తగ్గడమే పెద్ద ముప్పు కావచ్చు. ఆ ఎంపికను మనిషికి వదిలేయడం నాకు సబబుగానే తోస్తుంది.

ప్రొపెల్లర్ ఉంటే

ఏటీఆర్ 72-600లో పీడబ్ల్యూ127 జాతి ఇంజన్లు, ఆరు రెక్కల ప్రొపెల్లర్లు ఉంటాయి. ఇక్కడ ఇంధనంతోపాటు ప్రొపెల్లర్ రెక్కల వాలును కూడా నడపాలి. శక్తి పెరిగితే రెక్కలు ఎక్కువ గాలిని కోసేలా తిరిగి, ప్రొపెల్లర్ వేగం మారకుండా నిలుస్తుంది. టేకాఫ్‌లో ఒక ఇంజన్ చచ్చుబడితే నియంత్రణ వ్యవస్థే రెండోదాని శక్తిని పెంచి, క్షణాల్లో చచ్చిన వైపు ప్రొపెల్లర్‌ను గాలికి అడ్డుపడకుండా కత్తి అంచులా నిలబెడుతుంది. దీన్ని ఫెదరింగ్ అంటారు. 2015 ఫిబ్రవరి 4న తైపేలో ట్రాన్స్ఏషియా సంస్థ ఏటీఆర్‌లో ఒక పెట్టెలోని సోల్డరు లోపం వల్ల బాగున్న రెండో ఇంజన్ ప్రొపెల్లర్ ఇలా ఫెదర్ అయింది. కంగారులో పైలట్ ఒకటో ఇంజన్‌ను ఆపేశాడు. 43 మంది చనిపోయారు.

మనిషికి మిగిలిన స్విచ్

ఇంధనాన్ని పూర్తిగా ఆపే అధికారం మాత్రం ఇప్పటికీ పైలట్‌దే. నిప్పు, విరిగిన బ్లేడు, ఆగని కంపనం వంటివి వచ్చినప్పుడు ఇంజన్‌ను చంపాలా అన్నది మనిషే నిర్ణయించాలని రూపకర్తల భావన. ఏటీఆర్‌లో ఈ పని కండిషన్ లీవరుది. బోయింగ్ 787లో లీవర్ల వెనక రెండు చిన్న స్విచ్‌లు, పైకి లాగితే తప్ప కదలని లాకుతో ఉంటాయి.

2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో ఎయిర్ ఇండియా 171 కూలినప్పటి నుంచి ఈ స్విచ్‌లు ఇంటింటి మాట అయ్యాయి. టేకాఫ్ అయిన కొన్ని సెకన్లకే రెండు స్విచ్‌లూ సెకను తేడాతో ఇంధనం ఆపే స్థానానికి మారాయని జులైలో వచ్చిన ప్రాథమిక నివేదిక చెప్పింది. ఎలా మారాయో ఆ నివేదిక తేల్చలేదు. సుమారు పది సెకన్ల తరువాత ఒకటి, మరో నాలుగు సెకన్లకు రెండోది తిరిగి యథాస్థానానికి వచ్చాయి. అప్పుడు రెండు ఇంజన్ల ఫాడెక్‌లూ తమంతట తామే నిప్పురవ్వలు రగిల్చి, ఇంధనం మళ్లీ పోయడం మొదలుపెట్టాయి. మొదటి ఇంజన్ కోలుకోసాగింది. రెండోది అంటుకున్నా వేగం పడిపోవడం ఆగలేదు, ఫాడెక్ మళ్లీ మళ్లీ ఇంధనం పోసి చూసింది. తిరిగి అంటించడానికీ పైన చెప్పిన ఆంక్షలే వర్తిస్తాయి. ఆ ఎత్తులో వాటికి చాలినంత సమయం లేదు.

మన దగ్గర

1936లో ఒడిశా ఏర్పడే దాకా విశాఖ ఏజెన్సీలో భాగమైన కోరాపుట్ ప్రాంతంలో, సునాబేడ దగ్గర, హిందుస్థాన్ ఏరోనాటిక్స్ 1964లో ఇంజన్ల విభాగం పెట్టింది. మిగ్-21 ఇంజన్లతో మొదలై, ఇప్పుడు సుఖోయ్-30 ఇంజన్లు అక్కడ తయారవుతాయి. బెంగళూరులోని గ్యాస్ టర్బైన్ పరిశోధన సంస్థ జీటీఆర్ఈ 1989లో చేపట్టిన కావేరి ఇంజన్ కోసం దేశీయ డిజిటల్ నియంత్రణ పెట్టె రూపొందింది. దాని పేరు కాడెక్యూ. 2010లో రష్యాలో ఐఎల్-76 విమానం మీద కావేరిని ఎగిరించి చూశారు. ఆ ఇంజన్ అమర్చాలనుకున్న తేజస్ యుద్ధ విమానం మాత్రం అమెరికన్ ఎఫ్404తోనే ఎగురుతోంది.

పౌర విమానాల వైపు కొత్త కేంద్రం హైదరాబాద్. శంషాబాద్ విమానాశ్రయం పక్కన లీప్ ఇంజన్ల మరమ్మతుకు సఫ్రాన్ కట్టిన కర్మాగారం 2025 నవంబరు 26న ప్రారంభమైంది. పూర్తి సామర్థ్యానికి చేరితే ఏడాదికి 300 ఇంజన్లు విప్పి బిగించాలన్నది లక్ష్యం. ఇలాంటి షాపుల్లో ఇంధన వ్యవస్థ పని అంటే ఎక్కువగా నాజిళ్ల మసి, పంపు పళ్ల అరుగుదల, ఫిల్టరులో చిక్కిన లోహపు పొడి చూడటం. ఫాడెక్ పెట్టె పాడైతే విప్పి కొత్తది బిగిస్తారు. సీఎఫ్‌ఎం ఇంజన్లలో ఆ పెట్టెకు గుచ్చిన చిన్న ప్లగ్గును మాత్రం పెట్టెతో పంపరు. ఈ ఇంజన్ ఎంత థ్రస్ట్‌కు అమ్ముడైందో ఫాడెక్‌కు చెప్పేది ఆ ప్లగ్గే. అందుకే దాన్ని ఇంజన్‌కే కట్టి ఉంచుతారు. కొత్త పెట్టె రాగానే దానికి గుచ్చుతారు.